కుక్కతో ముళబాగిలు యాత్ర

ముళబాగిలు అనగానే మనవాళ్ళలో సగం మందికి దోసె జ్ఞాపకం వస్తుంది. తక్కిన సగం మందికి ఆంజనేయస్వామి జ్ఞాపకం వస్తాడు. భారతయుద్ధం ముగిసిన తరువాత అర్జునుడు ఇక్కడ హనుమంతుణ్ణి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. బెంగుళూరు నుంచి తిరుపతికి పోయేవారు దారిలో దిగి స్వామికి ఒక దండం పెట్టుకొని పోవడం పాత ఆచారం. కన్నడంలో మూడల అంటే తూర్పు, బాగిలు అంటే వాకిలి. మైసూరు సీమకు తూర్పు వాకిలి కాబట్టి మూడలబాగిలు. అది నోట నలిగి ముళబాగిలు అయినది. 1768లో హైదరాలీకీ ఇంగ్లీషు కుంపిణీ సేనకూ పోరు జరిగినది ఇక్కడే. డి.వి. గుండప్పగారు 1887లో పుట్టినది ఈ ఊళ్ళోనే. ఇవన్నీ ఇదివరకు చాలామంది వ్రాసినవే గనుక మేము మళ్ళీ ఏకరువు పెట్టబోము. కుక్కను వెంటబెట్టుకొని ముళబాగిలు సీమ తిరిగి వచ్చినవారు మాత్రం మన సంఘంలో మాకు తెలిసి ఎవరూ లేరు. మొన్న మార్చి ఆఖరున మేము తిరిగి వచ్చాము. అందులో తెలుసుకొన్న సంగతులు, కుక్కలను పెంచే కుటుంబాలకు పనికివస్తాయని వ్రాస్తున్నాము.

కుక్క మాది కాదు, మా మేనల్లుడిది. అతడు పన్నెండేళ్ళు ఇంగ్లండులో ఉద్యోగం చేసి ఇప్పుడు భార్యతో బెంగుళూరుకు తిరిగి వచ్చేశాడు. వస్తూ వస్తూ ఎనిమిదేళ్ళ లాబ్రడారు కుక్కను విమానంలో తీసుకువచ్చాడు. దాని పేరు బ్రూనో. మా ఇంట పనిచేసే ముసలమ్మ నోట అది రెండు రోజులలోనే బూరన్న అయినది, కుక్క కూడా ఆ పేరుకే తొందరగా పలుకుతున్నది. ఆ దేశాలలో ఇంటిబండి అని ఒకటి ఉన్నది. పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, చిన్న స్నానాలగది, అన్నీ ఒక మోటారు బండిలోనే అమర్చి ఉంటాయి. మా వాడు ఏటా వసంతకాలంలో అటువంటి బండిలో కుక్కతో సహా సముద్రం కింది సొరంగం దాటి ఫ్రాన్సు, స్పెయిను దేశాలు తిరిగేవాడట. ఇక్కడకూడా అదే అలవాటు సాగించాలని అతని ముచ్చట. బెంగుళూరులో అటువంటి బండి ఒకటి కిరాయికి తీసుకొని రాబర్ట్‌సన్ పేటలో మా ఇంటి ముందు తెచ్చి నిలిపాడు. వీధి పిల్లలంతా చేరి దాని మెట్లెక్కి దిగడంతోనే ఆ సాయంత్రం గడిచింది.

అతనివద్ద ఒక కాగితం ఉన్నది. కుక్కతో విదేశ ప్రయాణం చేసేటప్పుడు ఏయే ప్రమాదాలు చూసుకోవాలో తన అనుభవం మీద వరుసగా వ్రాసుకొన్నాడు. మేము దాన్ని శ్రద్ధగా చదివాము. 2000 సంవత్సరం దాకా ఇంగ్లండులోకి వచ్చే ప్రతి కుక్కనూ ఆరు నెలలు వేరుగా బంధించి ఉంచేవారట. తరువాత ఆ నియమం సడలించి, చర్మం కింద గుర్తుబిళ్ళ, పిచ్చికుక్క రోగానికి టీకా ఉంటే ఐరోపా పోయి రావచ్చునన్నారు. 2021 నుంచి ప్రతి ప్రయాణానికీ పశువైద్యుని ధృవపత్రం కొత్తగా తీసుకోవాలి. తిరిగి ఇంగ్లండులో అడుగు పెట్టే ముందు 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా బద్దెపురుగు మందు వేయించి వైద్యుని సంతకం పుచ్చుకోవాలి. ఆఫీసులో కాగితాల మధ్య బ్రతికే మాకు ఈ లెక్క ఎంతో ముచ్చటగా తోచింది.

ఇక స్వభావసిద్ధమైన ప్రమాదాలు. స్పెయిను, దక్షిణ ఫ్రాన్సు దేశాలలో దేవదారు జాతి చెట్లమీద గూళ్ళు కట్టే గొంగళిపురుగులున్నాయి. జనవరి మొదలు ఏప్రిల్ దాకా అవి చెట్టు దిగి, ఒకదాని వెనుక ఒకటి పెళ్ళి ఊరేగింపులాగా బారులు తీరి పోతాయట. కుక్క వింతగా ముక్కుపెట్టి వాసన చూసినదా, వాటి నూగు నాలుకకు గుచ్చుకొని, వాచి, ఒక్కొక్కసారి నాలుక కొన కుళ్ళి రాలిపోతుంది. మధ్యధరా తీరంలో సందెవేళ ఎగిరే ఇసుక ఈగ కుట్టితే లీష్మేనియా అనే మొండిరోగం వస్తుంది. దానికి మందుపూసిన మెడపట్టీ కట్టాలి. అడవిగడ్డిలో పిడుదులు, కొండలలో పొడపాములు. ఇట్లా నాలుగు పుటలున్నాయి. కాగితం చదివి మా ఇంటావిడ, "అన్నీ బాగానే వ్రాశావు నాయనా, ఎండ సంగతి ఎక్కడా లేదే?" అన్నది. ఉన్నది, కాని మూడవ పుటలో ఒక్క పంక్తి.

మన కోలారు జిల్లా నేల ఎటువంటిదో ఇక్కడ పుట్టిన వారికి చెప్పనక్కరలేదు. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటి లేదు. పేరుకు పాలారు ఉన్నది, అది ఇసుక చూపించి పోతుంది. దాని అడ్డంగా కట్టిన బేతమంగల చెరువు నుంచే ఒకప్పుడు మన గనులకు నీళ్ళు వచ్చేవి. గుండ్రాళ్ళ గుట్టలు, వాటి నడుమ చెరువులు, చెరువుల కింద రాగి చేలు, మామిడి తోటలు. పగలంతా ఎండలో కాగిన బండ సూర్యుడు గుంకిన రెండు మూడు గంటలకు గాని చల్లబడదు. మనం చెప్పులు వేసుకొని నడుస్తాము. కుక్క ఉట్టి పాదాలతో నడుస్తుంది. మన ముఖం నేలకు ఐదడుగుల ఎత్తున ఉంటుంది, దాని ముఖం ఒకటిన్నర అడుగున. బండ నుంచి లేచే సెగ అంతా దానికే. ముప్పై డిగ్రీల గాలిలో తారురోడ్డు యాభై దాటి కాగడం మామూలే. అరచేతి వెనుక భాగం నేలమీద ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే ఆ నేలమీద కుక్కను నడిపించరాదు. ఈ ఒక్క కొలత చాలును. దానికి యంత్రం అక్కరలేదు.

ఇందుకోసమే మేము పొద్దుపొడవక ముందే బయలుదేరేటట్టు ఏర్పాటు చేశాము. తెల్లవారుజామున ఐదు గంటలకు బండి కదిలింది. సైనైడు మన్ను గుట్టల పక్కనుంచి పోతూ మా వాడు బండి నిలిపి కుక్కను దింపబోయాడు. అక్కడ వద్దన్నాము. గనులు 2001లో మూతపడినా ఆ గుట్టల పొడి గాలికి లేస్తూనే ఉన్నది, వానకు కారిన నీళ్ళు గుంటలలో నిలుస్తాయి. అది ప్రకృతి చేసిన ప్రమాదం కాదు, మనుషులు చేసి వదిలినది, అయినా కుక్క నాలుకకు ఆ భేదం తెలియదు గదా.

ముందుగా ముళబాగిలు దాటి కురుడుమలె చేరుకొన్నాము. కూడుమలె అనే పేరే కురుడుమలె అయినదనీ, దేవతలు కూడిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చినదనీ చెబుతారు. ఇక్కడి వినాయకుడు ఒకే రాతిలో మలిచిన పదమూడడుగుల పైబడిన విగ్రహం. సూర్యోదయం వేళ గర్భగుడిలో దీపం వెలుగు స్వామి పొట్టమీద మెరుస్తుంటే చూడవలసినదే గాని చెప్పడానికి రాదు. కుక్కను గుడిలోకి తేరాదు గనుక వంతులవారీగా దర్శనం చేసుకొన్నాము. బయట ఒకరు కుక్కతో ఉండాలి, బండిలో మూసిపెట్టి పోరాదు. ఇది మా మేనల్లుడికి బాగా తెలిసిన సంగతి. బయట 24 డిగ్రీలున్నప్పుడు కూడా మూసిన బండిలో పది నిమిషాలలో 34, అరగంటలో 42 దాటుతుందని అతడే లెక్క చెప్పాడు. అద్దం రెండు వేళ్ళ సందు దించినంతమాత్రాన పెద్దగా తేడా ఉండదట. గుడి ముందు అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయన కుక్కను చూసి, "భైరవుడు బయట ఉండవలసినవాడే లే, కావలి ఆయనదే గదా" అన్నాడు. మా వంతు వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడుతూ కూర్చున్నాము. ధర్మరాజు వెంట స్వర్గ ద్వారం దాకా నడిచిన కుక్క కథ ఆయన చెప్పాడు. మైసూరు సీమలోనే ఆతకూరులో అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు పదవ శతాబ్దంలో శిలాశాసనం వేయించారనీ, ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉన్నదనీ మేము చెప్పాము. ఆయన చాలా సంతోషించాడు.

ముళబాగిలుకు తిరిగివచ్చి దోసెలు తిన్నాము. దోసె సంగతి వ్రాయబోమని ముందే అనుకొన్నాము గాని ఒక్క మాట. నలుగురం నాలుగు దోసెలు తింటుంటే ఐదవవాడు బూరన్న లాలాజలం కారుస్తూ చూస్తున్నాడు. హోటలు పిల్లవాడు జాలిపడి చట్నీ అద్దిన ముక్క ఒకటి వేయబోయాడు. కోడలు చటుక్కున పట్టుకొన్నది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని విరిచేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. గుడి ప్రసాదాలలో ఎండుద్రాక్ష వేస్తారు గనుక కుక్కలున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

నరసింహ తీర్థంలో శ్రీపాదరాజుల వారి బృందావనం చూసుకొని ఆవనికి బయలుదేరేసరికి తొమ్మిదిన్నర. అరగంటలో ఆవని చేరి, చెట్టు నీడన బండి నిలుపుకొని, సాయంత్రం దాకా విశ్రమించాలని మా ఏర్పాటు. సగం దారిలో బండి నిలిచిపోయింది. ఇంజనుతో పాటు చల్లగాలి యంత్రం కూడా ఆగింది. కిరాయికి ఇచ్చిన వారికి ఫోను చేస్తే మెకానిక్కు బెంగుళూరు నుంచి రావాలన్నారు. వారి పేరుతో ఇక్కడ పని లేదు. రోడ్డుకు ఇరువైపులా సర్కారు తుమ్మ తప్ప చెట్టు లేదు. లోపల కూర్చుంటే ఉడుకు, బయట దిగితే నిప్పు. ఇనుప బండి గనుక నిమిష నిమిషానికీ వేడెక్కుతున్నది. బండి నీడ రోడ్డుమీద మూరెడు మాత్రమే పడుతున్నది.

పదకొండు కాకముందే కుక్క తీరు మారింది. మొదట రొప్పడం ఎక్కువైనది. తరువాత నాలుక వెడల్పై, ముదురు ఎరుపు తిరిగి, కొన వంకరగా వేలాడింది. నోటినుంచి బంక వంటి చొంగ కారింది. చిగుళ్ళు ఇటుక రంగైనాయి. లేచి నాలుగడుగులు వేసి వెనుక కాళ్ళు తడబడి కూలబడింది. మా కోడలు ఏడుపు మొదలుపెట్టింది. మేనల్లుడు స్పెయినులో మూడువేల మైళ్ళు బండి తోలిన వాడు, ఇప్పుడు చేతులు వణుకుతూ నిలబడ్డాడు. బండి తొట్టిలో నీళ్ళున్నాయి గాని కాగిన నీళ్ళు.

రెండు చేలకు అవతల ఒక బోరు మోటారు కొట్టం, దాని పక్క కానుగ చెట్టు కనబడినాయి. నలభై కిలోల కుక్కను దుప్పట్లో వేసుకొని నలుగురం నాలుగు కొసలు పట్టుకొని గట్లమీద పరుగు తీశాము. చెట్టు కింద ఒక పెద్దావిడ ఆవులను తొట్టివద్ద కట్టి ఉన్నది. మమ్మల్ని చూసి ఒక్క మాట అడగలేదు. "ఎండదెబ్బ. పడుకోబెట్టండి" అని, బిందె తీసుకొని తొట్టిలో ముంచి కుక్క పొట్టమీద పోసింది. చంకలలో, తొడల సందున, పాదాలమీద, చెవులమీద. మళ్ళీ ఒక బిందె. మళ్ళీ ఒకటి. మా కోడలు తడిగుడ్డ కప్పబోతే తీసి పారేసింది. "కప్పితే సెగ లోపలే ఉండిపోతుంది తల్లీ, విసురు" అన్నది. చెంగుతో, అట్టముక్కతో, చేతికి దొరికినదానితో అందరమూ విసిరాము. నోట్లో నీళ్ళు పోయబోతే అదీ వద్దన్నది. తలకు ఎత్తుకొంటే ఊపిరికి అడ్డం పడుతుంది, తానే తాగాలి అన్నది. పావుగంటకు కుక్క తల ఎత్తి తొట్టి అంచు నాకింది.

ఆ జిల్లాలో ఒక బిందె నీళ్ళంటే ఏమిటో చదివేవారికి తెలుసు. వెయ్యి అడుగులు దాటి తవ్వితే గాని నీరు తగలని ఊళ్ళెన్నో ఉన్నాయి. కరెంటు ఉన్న కాసిని గంటలలో మోటారు వేసి తొట్టి నింపుకోవాలి. ఆవిడ ఆ రోజు ఆవుల నీళ్ళు పన్నెండు బిందెలు మా కుక్కమీద పోసింది. లెక్క ఎందుకు పెట్టామంటే, అది మా ఉద్యోగంలో అంటుకొన్న జాడ్యం. డబ్బులు ఇవ్వబోతే, "నోరులేని జీవానికి నీళ్ళు పోసి దుడ్డు తీసుకుంటామా?" అని ముఖం తిప్పుకొన్నది. మా ఇంటావిడ బండిలోని మామిడికాయ తొక్కు సీసా తెచ్చి ఇచ్చింది. అది మాత్రం పుచ్చుకొన్నది.

ఆటోలో వేసుకొని ముళబాగిలులో పశువైద్యుని చూపిస్తే జ్వరం 103.5 ఉన్నది. మామూలుగా కుక్క ఒంటివేడి 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. 104 దాటితే ప్రమాదం, 106 దాటితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త చెమ్మ తప్ప తక్కినదంతా నాలుక చాచి రొప్పడమే. గాలి కూడా వేడిగా ఉంటే రొప్పినా ఫలితం లేదు. వయసు మళ్ళినవి, లావెక్కినవి, ఒత్తు బొచ్చుగలవి, చప్పిడి ముక్కు జాతులు మొదట పడిపోతాయి. మొదట చల్లార్చి తరువాత తేవడమే దాన్ని బ్రతికించినదని డాక్టరు అన్నాడు. వైద్యుని కోసం పరుగెత్తుతూ దారిపొడుగునా ఉడికించి తెచ్చేవారే ఎక్కువట. 103 దగ్గరకు దిగిన తరువాత ఇక నీళ్ళు పోయడం ఆపాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. సెలైను ఎక్కించి, మూత్రం రంగు చూసుకోమని, రెండు రోజులు కదిలించవద్దని చెప్పాడు.

రెండు రోజులు కదిలించవద్దన్నందువల్లనే మాకు ఆవని దగ్గర ఒక మామిడి తోటలో నిలిచే యోగం పట్టింది. తోట మా ఆఫీసు మిత్రుని బంధువులది. మెకానిక్కు వచ్చి బండి బాగుచేసి తోటలో తెచ్చి పెట్టిపోయాడు. తోట కావలివాడు తెలుగువాడే. కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మన కోలారు తెలుగు. కుక్కల విషయం అతనికి తెలిసినంత మా మేనల్లుడి నాలుగు పుటలలో లేదు.

మొదటి రాత్రి దీపం చుట్టూ పురుగులు, పురుగులకోసం కప్పలు చేరినాయి. గరుకు చర్మపు బొంతకప్పను కుక్క నోట కరిస్తే దాని మెడవెనుక తిత్తులలోని విషానికి నురగలు కక్కుతుంది. వెంటనే తల కిందికి వంచి, నీళ్ళతో నోరు ముందుకు కడగాలి, లోపలికి పోనీయరాదు. కావలివాడు దీపాన్ని బండికి ఇరవై అడుగుల దూరాన మార్చి కట్టాడు. ఎంత సులువైన ఉపాయమో చూడండి! పురుగులు అక్కడికి పోయినాయి, కప్పలు అక్కడికి పోయినాయి, కప్పలకోసం వచ్చేది కూడా అక్కడికే పోతుందన్నాడు.

వచ్చేది నిజంగానే వచ్చింది. రెండవ రాత్రి ఎనిమిది గంటలకు కుక్కను గొలుసుతో తిప్పుతుంటే రాలిన ఆకులలోనుంచి కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస వినబడింది. రక్తపింజరి. కావలివాడు టార్చి వేసి చూపించాడు. మట్టిరంగు ఒంటిమీద గొలుసు కట్టినట్టు మచ్చలు, మన మణికట్టంత లావు. కుక్క ఎగిరి మీదికి పోబోయింది; చేతిలో గొలుసు మూరెడే గనుక పోలేకపోయింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు మనదేశంలో తయారవుతున్నది. మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో ఇరులవారు 1978లో పెట్టుకొన్న సహకార సంఘం వారు పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే మందు. మనుషులకు చేసిన ఆ మందే కుక్కలకూ ఇస్తారు. కరిచిన చోట కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం ఏదీ పనికిరాదు. కుక్కను నడిపించక ఎత్తుకొని పోవాలి. ముఖాన కరిస్తే మెడపట్టీ ముందు తీసేయాలి, వాపు వచ్చి ఊపిరి బిగుస్తుంది. మందు ఎక్కడ ఉన్నదో బయలుదేరే ముందే విచారించి పెట్టుకోవాలి. మేము మరునాడు పొద్దునే ఫోనులో విచారించి బండి తలుపు లోపలివైపు నంబరు వ్రాసి అంటించాము.

రాత్రి కుక్కను బండి బయట కట్టరాదని కూడా అతడే చెప్పాడు. ఈ గుట్టలలో చిరుతలున్నాయి. మేకకన్న దానికి కుక్క సులువైన ఆహారం. కట్టేసిన కుక్క మరీ సులువు. తోటలోని నాటుకుక్క మెడకు మేకులు బయటకు పొడుచుకొని ఉన్న ఇనుపపట్టీ ఉన్నది. చిరుత మెడ పట్టుకుంటుంది గనుక ఆ ఏర్పాటు. మా మేనల్లుడు దాన్ని ఫొటో తీసుకొన్నాడు.

ఆవని గుళ్ళు మేము కుక్కకు ఒంట్లో నెమ్మదించాక సాయంత్రం పూట చూశాము. రామలింగేశ్వరుడు, లక్ష్మణేశ్వరుడు, భరతేశ్వరుడు, శత్రుఘ్నేశ్వరుడు, అన్నదమ్ములు నలుగురి పేర్లా నాలుగు లింగాలు. పదవ శతాబ్దపు నొళంబరాజుల కట్టడాలు, స్తంభాలు నునుపుగా అద్దంలా ఉంటాయి. పైన కొండమీద సీతమ్మ గుడి. వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదనీ, కుశలవులు ఇక్కడే పుట్టారనీ నమ్మకం. కొండ ఎక్కడం మేము ఇద్దరమే ఎక్కాము. కుక్కకు అది తగిన చోటు కాదు. కోతులు గుంపులుగా ఉన్నాయి. కోతికీ కుక్కకూ పుట్టు వైరం, కరిస్తే లోతుగా చీలుతుంది, పిచ్చిరోగపు భయం కూడా ఉన్నది. బండల కింది చూరులకు కొండతేనెపట్లు వేలాడుతాయి. కదిలిన తేనెటీగలు గొలుసుతో కట్టిన కుక్కను వదలవు.

చెరువు సంగతి ఒకటి చెప్పాలి. తోట కింద చెరువులో నీళ్ళున్నాయి. లాబ్రడారు నీటి కుక్క, చూస్తే ఆగదు. ఆ నీళ్ళమీద ఒడ్డున ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టు పాచి తేలుతున్నది. నిలవ నీటిలో ఎండాకాలం పెరిగే ఆ పాచిలో కాలేయాన్ని గంటలలో చెడగొట్టే విషం ఉండవచ్చు. తాగనక్కరలేదు, ఈది వచ్చి ఒళ్ళు నాక్కొన్నా చాలును. 2018 నుంచి కోలారు చెరువులకు బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపుతున్నారు. భూమిలో ఇంకి బోర్లకు ఊట రావాలని ఆ పథకం, తాగడానికి కాదు. ఊట వచ్చిందని రైతులు సంతోషిస్తున్నారు, మేము కాదనము. కుక్కకు మాత్రం గిన్నె, సీసా మన వెంట ఉండాలి.

మూడవనాడు పొద్దున ఒక తమాషా జరిగింది. తోటగట్టున మునగచెట్టు బోదెకు గొంగళిపురుగులు అరచేతి మందాన గుంపుగా అంటుకొని ఉన్నాయి. మా మేనల్లుడు, "మామయ్యా, స్పెయిను పురుగులు ఇక్కడికీ వచ్చినాయి!" అని కేకపెట్టాడు. అవి వేరు, ఇవి వేరు. కాని నూగు గుచ్చుకొని దద్దుర్లు తేలడం, నోరు మండడం ఇక్కడా ఉన్నదే. మునగచెట్టు కింద పిల్లలను ఆడుకోనీయక అవ్వలు కసిరేది ఇందుకే గదా. అతడు కాగితం తీసి దేవదారు అని ఉన్నచోట మునగ అని దిద్దుకొన్నాడు.

అక్కడినుంచి నంగలి దాటి పలమనేరు మీదుగా కౌండిన్య అడవి చూసి పోవాలని వాళ్ళిద్దరికీ ఉన్నది. కావలివాడు వద్దన్నాడు. 1980ల నుంచి ఆ అడవులలో ఏనుగులు తిరుగుతున్నాయి. కుక్క ఏనుగును చూస్తే మొరిగి మీదికి పోతుంది, ఏనుగు తరిమితే తిరిగి యజమాని కాళ్ళ దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది. "మీరు దాన్ని కాపాడేదేమి సామీ, అదే మీ ప్రాణం మీదికి తెస్తుంది" అన్నాడు. కోడలు నవ్వి, "పలమనేరు బస్సులో పోయి వద్దాములే" అన్నది. పోలేదు. అదే సాయంత్రం దక్షిణాన మబ్బులు పట్టి ఉరుములు మొదలైనాయి, మామిడి కాయను రాల్చే వాన. ఉరుముకు కుక్క పడక కింద దూరి గజగజ వణికింది. ఉరుముకు గొలుసు తెంచుకొని పారిపోయి దారితప్పే కుక్కలు చాలా ఉంటాయట. అందుకే చర్మం కింది పదిహేను అంకెల గుర్తుబిళ్ళతో పాటు మెడలో ఫోను నంబరు గల రేకు కూడా కట్టమని మేము చెప్పాము. బిళ్ళను చదివే యంత్రం బేతమంగల కిరాణా కొట్టులో ఉండదు.

మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, ఏడు గంటలలోపల ఇల్లు చేరాము. ముసలమ్మ బూరన్నకు దిష్టి తీసింది. గుమ్మంలో పాత చాప పరచి దాన్ని పడుకోబెట్టి, మేనల్లుడు, మేము కూర్చొని దువ్వెనతో ఒళ్ళంతా వెదికాము. చెవి వెనుక రెండు పిడుదులు దొరికినాయి. చిమటాతో చర్మానికి ఆనించి తిన్నగా లాగి, స్పిరిటు సీసాలో వేశాము. బబీసియా, ఎర్లిషియా జ్వరాలు మన పిడుదుల ద్వారా వస్తాయి గనుక మూడు వారాలు చిగుళ్ళు తెల్లబడుతున్నాయా, మేత తింటున్నదా అని చూడమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఎడమ ముందరి కాలి వేళ్ళ సందున గడ్డిముల్లు ఒకటి బాణంలాగా చర్మంలోకి సగం దిగి ఉన్నది. అవి ముందుకే పోతాయి గాని వెనుకకు రావు. దాన్ని తీస్తున్నంతసేపు కుక్క మా ఇంటావిడ ఒడిలో తలపెట్టుకొని ఊరుకొన్నది.